తుపాకిమందు, వానజల్లు, చరిత్ర

దీపావళి దగ్గరపడినదనగా తెలుగు ఇండ్లలో ఒక దృశ్యము తప్పక కనబడెడిది. చిచ్చుబుడ్లు, మతాబులు, సిసింద్రీలు చేటలలోను పళ్ళెములలోను పరచి పెద్దవారు మేడమీద ఎండబెట్టెడివారు. పిల్లలు కాకులను తోలు నెపముతో వాని చుట్టు తిరుగుచుండెడివారు. మబ్బు కమ్మి నాలుగు చినుకులు రాలెనా, ఇల్లంతయు మేడమీదికి పరుగెత్తవలసినదే. అంత జాగ్రత్త పడినను, పండుగనాటి రాత్రి ఏదో యొక చిచ్చుబుడ్డి పూలు విరజిమ్ముటకు బదులు 'తుస్సు'మని పొగ వదలి ఊరకుండెడిది. అప్పుడు తాతగారు 'మందు చెమ్మగిల్లినదిరా' అని ఒక్క మాటలో తీర్పు చెప్పెడివారు.

ఆ చిచ్చుబుడ్డిలోని మందును, ఒకనాడు రాజ్యములను నిలిపి కూల్చిన ఫిరంగిమందును ఒకే వంశమునకు చెందినవి. చిచ్చుబుడ్డి తుస్సుమన్నచో పిల్లవాడు చిన్నబుచ్చుకొనును. ఫిరంగి తుస్సుమన్నచో రాజ్యమే చేయిజారవచ్చును. మన చరిత్ర గ్రంథములలో రాజులును, సేనానులును, సంధిపత్రములును విస్తారముగ కనబడుదురు. మందుకొట్టులో పీపాలు లెక్కపెట్టుచు, వాన వచ్చునేమోయని ఆకాశమువంక చూచుచుండిన గుమాస్తా మాత్రము ఎచ్చటను కనబడడు. అట్టి అజ్ఞాతుల జాగ్రత్తయు అజాగ్రత్తయు చరిత్ర నడకను ఎట్లు ప్రభావితము చేసినదో తెలిసికొనుట ఉపయుక్తము. ఈ కథ గోలకొండనుండి పలాశీకి, పలాశీనుండి ఢిల్లీకి నడచును. మార్గమధ్యమున తెలుగువారి పేరు కూడ ఒక విచిత్రరీతిలో వినబడును.

ముందుగా ఆ మందు స్వభావమేమో చూడవలెను. తుపాకిమందులో మూడు వస్తువులుండును: పెట్లుప్పు, గంధకము, బొగ్గు. పెట్లుప్పునే సురేకారమనియు అందురు. ఐరోపాలో క్రమముగ స్థిరపడిన పాళ్ళలో నూటికి 75 పాళ్ళు పెట్లుప్పే. బొగ్గును గంధకమును మండెడి వస్తువులు. మండుటకు వలసిన ప్రాణవాయువును తనలో దాచుకొనియుండి క్షణములో అందించునది పెట్లుప్పు. కావున ఈ మూడును ఎంత మెత్తగా, ఎంత సన్నిహితముగ కలసియున్నచో మందునకు అంత బలము. బలమంతయు ఆ కలయికలోనే యున్నది.

ఈ కలయికకు తేమ పరమశత్రువు. నీరు గంధకమును కరిగింపలేదు, బొగ్గును కరిగింపలేదు. పెట్లుప్పును మాత్రము సులభముగ కరిగించును. చెమ్మ తగిలినచో పెట్లుప్పు కరగి, తన స్థానము వదలి, రేణువు పైకో పీపా అడుగునకో జారును. పిదప ఎండబెట్టినచో నీరు పోవును గాని పెట్లుప్పు తిరిగి యథాస్థానమునకు రాదు; వేరుగ పలుకులు కట్టును. మందు గడ్డకట్టి, పైన తెల్లని పూత పూయును. విరిగిన పాలను ఎంత కలియబెట్టినను తిరిగి పాలు కానట్లే, ఒకసారి బాగుగ తడిసిన మందు ఎండలో పెట్టినంతమాత్రమున మునుపటి మందు కాజాలదు. అది ఒకొక్కప్పుడు అంటుకొనదు; అంటుకొన్నను మెల్లగ మండి గుండును సగము దూరములోనే పడవేయును. ఫిరంగి గురిపెట్టువానికి ఇది అసలే అంటుకొనకుండుటకంటె ప్రమాదకరము. అంటుకొనని మందును వెంటనే గుర్తింపవచ్చును. బలము తగ్గిన మందు యుద్ధమధ్యమున గాని బయటపడదు.

ఇచ్చట ఒక విశేషము కలదు. తేమను పీల్చు దోషము ముఖ్యముగ శుద్ధమైన పెట్లుప్పుది కాదు, దానితో కలసివచ్చు మాలిన్యములది. గాలి మోయగల తేమలో నూటికి 90 పాళ్ళు దాటువరకు శుద్ధమైన పెట్లుప్పు నీరుగారదు. మన వంటింటి ఉప్పు సుమారు 75 పాళ్ళ యొద్దనే నీరుగారనారంభించును. వానకాలమున ఉప్పుజాడీ చెమర్చుట ప్రతి గృహిణికిని తెలిసినదే. మట్టిలో పెట్లుప్పుతోపాటు పుట్టెడి సున్నపు నైట్రేటు సుమారు 50 పాళ్ళ యొద్దనే కరగిపోవును. వానకాలపు బంగాళదేశములో గాలి తేమ 80 పాళ్ళు దాటుట సామాన్యము. శుద్ధి చేయని పెట్లుప్పుతో చేసిన మందు అట్టి గాలిలో, ఒక్క వానచుక్క పడకున్నను, దానంతట అదియే పాడగును. బొగ్గు కూడ కొంత తేమను పీల్చును. కావున మందు రక్షణము మందుకొట్టులో గాక, పెట్లుప్పు వండు కుండలోనే ఆరంభమగుచున్నది.

ఆ కుండను గూర్చి నాలుగు మాటలు. పశువుల కొట్టములయొద్ద, పాత గోడల మొదళ్ళయందు, ఊరి దిబ్బలపైన తెల్లగ పూచెడి ఉప్పు పల్లెలు చూచినవారికెల్ల తెలియును. జంతువుల మూత్రపురీషములు మట్టిలో మురిగినప్పుడు సూక్ష్మజీవుల వలన నైట్రేటులు పుట్టును. వానలు వెలిసి మట్టి ఆరునప్పుడు అవి పైకి పూచును. తెలుగునాట చవుటినేలనుండి ఉప్పు తీయుట ఉప్పరవారి కులవృత్తిగ నుండెడిది. వారి పేరే ఆ వృత్తిని చెప్పుచున్నది. బీహారులో ఈ పనివారిని నూనియాలనిరి. వారు మట్టిని గీరి తెచ్చి, కట్టెబూడిదతో కలిపి, నీరు పోసి వడగట్టి, ఆ ద్రవమును కాచెడివారు. బూడిద కలుపుటలో గొప్ప శాస్త్రము ఇమిడియున్నది. బూడిదలోని క్షారము తేమను పీల్చెడి సున్నపు నైట్రేటును పెట్లుప్పుగ మార్చివేయును. ఏ రసాయనశాస్త్రమును చదువని పల్లెవారు అనుభవముచేతనే ఈ కిటుకును గ్రహించిరి.

తరువాతి శుద్ధికి ఆధారము మరియొక సులభసూత్రము. 20 డిగ్రీల నీరు నూరు పాళ్ళలో పెట్లుప్పు సుమారు 32 పాళ్ళు మాత్రమే కరగును. మరుగు నీటిలో 240 పాళ్ళు దాటి కరగును. వంటయుప్పు మాత్రము వేడినీటనైనను చన్నీటనైనను ఇంచుమించు ఒకే రీతిగ కరగును. కావున మరిగిన ద్రవము చల్లారినచో పెట్లుప్పు సూదులవంటి పలుకులుగ పేరుకొనును. ఉప్పు నీటిలోనే మిగిలిపోవును. ఇట్లు రెండు మూడు మారులు చేసినచో మాలిన్యము చాలవరకు పోవును. పాట్నా చుట్టుపట్ల ఇట్లు తయారైన సరకుకొరకు డచ్చివారును ఇంగ్లీషువారును గంగానదిపై పడవలు బారులు తీర్చిరి. ఐరోపాఖండపు యుద్ధములలో మ్రోగిన ఫిరంగులకు బీహారు పల్లెల మట్టియే ఆహారమయ్యెను. ఫ్రాన్సుదేశము ఈ సరకుకై పరులపై ఆధారపడలేక 1775లో లవాయిజే అను మహారసాయనవేత్తను తన మందు కర్మాగారముల పాలకవర్గములో నియమించి, స్వదేశపు పెట్లుప్పును శుద్ధి చేయించుకొనవలసివచ్చెను.

ఇక చరిత్రలోనికి పోవుదము. 1687 ఆరంభమున ఔరంగజేబు గోలకొండను ముట్టడించెను. కోటలో అబుల్ హసన్ తానీషా, కోట వెలుపల మొగలు మహాసైన్యము. ఫిరంగులకు లొంగని ప్రాకారములను సొరంగములు త్రవ్వి, వానిలో మందు కూరి పేల్చవలెనని మొగలులు సంకల్పించిరి. జూన్ మాసమునాటికి సొరంగములు సిద్ధమయ్యెను. లోపలివారు ఊరకుండలేదు. ఆ సొరంగములెటు వచ్చుచున్నవో కనిపెట్టి, తమవైపునుండి ఎదురు త్రవ్వి, ఒక దానిలోని మందును తరలించుకొనిపోయిరనియు, మరియొక దానిలో నీరు పోసిరనియు ఖాఫీఖాన్ తన చరిత్రలో వ్రాసెను. బయట వత్తి అంటించినప్పుడు పేలుడు కోటవైపునకు గాక ముట్టడిదారులవైపునకే తన్నెను. ప్రాకారము కూలునని సిద్ధముగ నిలచియున్న సైనికులమీదనే రాళ్ళును మట్టియు వచ్చిపడెను. అనేకులు ప్రాణములు కోల్పోయిరి. ఆ వర్షాకాలమున మొగలు శిబిరము కూడ వానలచేతను కరవుచేతను నానాబాధలు పడెను.

కోట అంతటితో దక్కియుండవలసినదే. కాని 1687 సెప్టెంబరు 21వ తేదీ తెల్లవారుజామున లోపలివాడే యొకడు తలుపు తెరచెను. మందును నీటితో జయించినవారు ద్రోహమును జయింపలేకపోయిరి. ఈ మాటను పాఠకులు జ్ఞాపకముంచుకొందురు గాక. ఇదే కథ డెబ్బది సంవత్సరములకు బంగాళములో మరల జరిగెను.

గోలకొండనాటికిని పలాశీనాటికిని నడుమ, మందును కాపాడు విద్య ఐరోపా సైన్యములలో ఒక కట్టుదిట్టమైన ఉద్యోగముగ మారుచుండెను. పూర్వము మందు పిండివలె నుండెడిది. అది త్వరగా చెమ్మను పీల్చును. బండ్లపై కుదుపులకు పెట్లుప్పు, బొగ్గు, గంధకము వేరుపడును. పిమ్మట దానిని తడిపి, అదిమి, గింజలుగ చేసి, ఆరబెట్టు పద్ధతి వచ్చెను. గింజ గట్టిది గనుక తేమ లోనికి పోవుట ఆలస్యమగును, కుదుపునకు వేరుపడదు. ఆ గింజలను పీపాలో దొర్లించి నునుపు చేసినచో మరింత మేలు. పీపాలకు ఇనుప కట్టు పనికిరాదు, నిప్పురవ్వ రాలును. రాగికట్టో కొయ్యకట్టో ఉండవలెను. పీపాలను నేలపై గాని గోడకు ఆనించి గాని ఉంచరాదు, కొయ్యదిమ్మెలపై నిలుపవలెను. ఒకే వైపు చాలకాలముంచినచో పెట్లుప్పు అడుగునకు దిగును గనుక అప్పుడప్పుడు తిప్పి నిలుపవలెను. మందుకొట్టు గోడలలో గాలి రంధ్రములు వంకరగ నుండవలెను; గాలి పోవలెను గాని రవ్వ లోనికి పోరాదు. పొడి దినములందు మాత్రమే తలుపులు తీయవలెను. లోనికి పోవువారు బయట చెప్పులు విడిచి, మేకులు లేని జోళ్ళు తొడుగుకొనవలెను. ఒక్కొక్క పీపా ఎప్పుడు వచ్చినదో, ఎప్పుడు పరీక్షింపబడినదో పుస్తకములో ఎక్కింపవలెను. వీరరసమునకు ఇందులో చోటు లేదు. చిట్టాపుస్తకము, తాళముచెవి, ప్రతిదినము ఒకే పని విసుగులేక చేయు ఓర్పు, ఇంతే.

1757 జూన్ 23వ తేదీన, భాగీరథీతీరమున పలాశీ గ్రామము ప్రక్కనున్న మామిడితోపులో క్లైవు సైన్యము నిలచియుండెను. వారు సుమారు 3,000 మంది. వారి ఫిరంగులు పదికి అటునిటు, అన్నియు చిన్నవి. ఎదుట నవాబు సిరాజుద్దౌలా సైన్యము సుమారు 50,000. ఫిరంగులు 50 వరకును ఉండెను, వానిలో చాలభాగము భారీవి. ఈ భారీ ఫిరంగులను ఎత్తైన కొయ్యవేదికలపై నెక్కించి, అనేక జతల ఎద్దులచే లాగించుచు, వెనుకనుండి ఏనుగులచే నెట్టించిరి. ఫిరంగితోపాటు గోలందాజులును, మందును, గుండ్లును ఆ వేదికమీదనే ఉండెను. చూచుటకు కన్నులపండువుగ నుండిన ఆ ఏర్పాటులో ఒక్క లోపమున్నది. మందునకు పైకప్పు లేదు.

ఉదయమునుండి ఫిరంగులు మ్రోగెను. మధ్యాహ్న సమయమునకు జూన్ మాసపు వాన ఒక్కమారుగ విరుచుకొనిపడెను. తోపులోని ఇంగ్లీషువారు వెంటనే తారుగుడ్డలు తెచ్చి తమ మందును కప్పిరి. నవాబు వేదికలమీద మందు బహిరంగముగ తడిసిపోయెను. వాన వెలిసినప్పటికి నవాబు ఫిరంగులు చాలవరకు మూగవోయెను. తమ మందువలెనే ఇంగ్లీషువారి మందును తడిసియుండునని తలచి నవాబు పక్షపు అశ్వికులు ముందుకురికిరని చెప్పుదురు. తోపునుండి ఫిరంగులు యథాప్రకారము నిప్పులు గ్రక్కెను. నవాబునకు విశ్వాసపాత్రుడైన సేనాని మీర్ మదన్ గుండు తగిలి మరణించెను. సాయంకాలమునకు యుద్ధము ముగిసెను. కంపెనీ పక్షమున మృతులు ఇరువదిమందికి పైచిలుకు మాత్రమే. ఆ ఇరువది ప్రాణములకు బంగాళరాజ్యము చేతులు మారెను.

వాన వలననే పలాశీ ఓడిపోయినదని చెప్పుట అతిశయోక్తి యగును. మీర్ జాఫరు అంతకుముందే క్లైవుతో ఒడంబడిక చేసికొనియుండెను. నవాబు సైన్యములో అధికభాగము కదలక నిలచి చూచుచుండెను. మందు తడియకున్నను ద్రోహము ద్రోహమే. కాని మీర్ మదన్ వంటి విశ్వాసపాత్రులు నిజముగ పోరాడినారు గదా! వారి చేతిలోని ఆయుధమును నిర్వీర్యము చేసినది తడిసిన మందే. కొన్ని గజముల తారుగుడ్డ ఉండియున్నచో ఆ మధ్యాహ్నమైనను పోరు సమానముగ నడచియుండెడిది. జూన్ మాసమున బంగాళములో వాన కురియుట దైవికము కాదు, ఏటేట జరుగునదే. దానికి సిద్ధపడియుండుటయే మనుష్యుని వంతు.

విజయఫలము కూడ ఈ మందు చుట్టునే తిరిగెను. మరుసటి సంవత్సరము, 1758లో, మీర్ జాఫరునుండి బీహారు పెట్లుప్పుపై గుత్తాధికారమును క్లైవు కంపెనీకి సంపాదించెను. మట్టిని గీరెడి నూనియాకు ధర నిర్ణయించువాడు ఇక ఒక్కడే. డచ్చివారును ఫ్రెంచివారును ఆ సరకునకు ఇంగ్లీషువారి చేతివంకనే చూడవలసివచ్చెను. 1787లో కలకత్తాకు ఎగువన హుగ్లీతీరమున ఇచ్ఛాపూరులో కంపెనీవారు మందు కర్మాగారము స్థాపించిరి. 1791లో అది ఉత్పత్తి ఆరంభించెను. ఇది మన శ్రీకాకుళసీమలోని ఇచ్ఛాపురము కాదు, వంగదేశపు ఊరు. ఆ స్థలముననే 1904లో తుపాకుల కర్మాగారము వెలసినది. స్వతంత్రభారత రక్షణ కర్మాగారముల చరిత్రలో ఇచ్ఛాపూరు పేరు తొలి పుటలలోనే కనబడును.

పలాశీతోపులో నిలచిన సిపాయిలను గూర్చి ఒక మాట. 1756 అక్టోబరులో క్లైవుతో మద్రాసునుండి ఓడలెక్కినవారిలో దక్షిణదేశపు సిపాయిలనేకులు. కోరమండల తీరమున ఐరోపా కవాతు నేర్చిన సిపాయిలను ఉత్తరాదివారు 'తిలంగా'లని పిలువసాగిరి. తెలంగదేశమునుండి వచ్చినవారని ఆ పేరునకు అర్థము. కాలక్రమమున ఆ పేరు ఎంత పాతుకొనిపోయెననగా, తెలుగు ఒక్క ముక్క రాని అయోధ్య, బీహారు ప్రాంతపు సిపాయి కూడ 'తిలంగా'యే అయ్యెను. నూరేండ్ల తరువాత 1857లో ఢిల్లీ నగరమున ప్రవేశించిన తిరుగుబాటు సిపాయిలను నగరవాసులును, నాటి ఉర్దూ పత్రికయు తిలంగాలనియే పేర్కొనిరి. నేడు ఢిల్లీలో నివసించు తెలుగు కుటుంబములకు తమ జాతి పేరు ఈ నగర వీధులలో ఒకటిన్నర శతాబ్దికి పూర్వమే ఇట్లు తిరిగినదని తెలియుట ఆశ్చర్యమును గొల్పకపోదు.

ఆ 1857కు మూలములలో ఒకటి మరల తేమయే. సిపాయికి మందును గుండును విడివిడిగ ఈయక, రెండును కలిపి కాగితములో చుట్టి తూటాగ ఇచ్చు ఆచారము అప్పటికి చాలకాలమునుండి కలదు. సిపాయి ఆ కాగితపు కొనను పండ్లతో చింపి, మందును గొట్టములో పోసి, గుండును దిగగొట్టెడివాడు. 1853 నమూనా ఎన్‌ఫీల్డు తుపాకి గొట్టములో మెలికగాడులుండుటచే గుండు బిగువుగ దిగును. అందుచేత తూటాలో గుండు ఉన్న కొనకు మైనము, కొవ్వు కలిపిన జిడ్డు పూసిరి. దాని ఉపయోగములు రెండు: గుండు సులభముగ జారును, కాగితమునకు చెమ్మ సోకదు.

ఈ జిడ్డు హిందూదేశపు ఎండవానలకు తాళునా అని పరీక్షించుటకు 1853లో కొన్ని తూటాలను ఇచ్చటికి పంపిరి. సిపాయిల సంచులలో వానిని నెలలతరబడి మోయించి, ఎండకు జిడ్డు కరగుచున్నదా, వానకు కాగితము తడియుచున్నదా అని శ్రద్ధగ పరిశీలించిరి. పరీక్ష పద్ధతిగనే జరిగెను. ఆ సందర్భముననే, 1853 డిసెంబరులో, బెంగాలు సైన్యపు అడ్జుటెంట్ జనరల్ టక్కర్ సైనికమండలికి ఒక లేఖ వ్రాసెను. ఆ జిడ్డు సిపాయిల కులాచారమునకు విరుద్ధమైనది కాదని రూఢిగ తెలిసినగాని దేశీయ పటాలములకు ఈ తూటాలను ఈయరాదని దాని సారాంశము. లేఖ వ్రాయబడెను, పంపబడెను, అందెను. దానిపై ఏ చర్యయు తీసికొనబడలేదు. జిడ్డును గూర్చిన ప్రశ్నకు సమాధానము వచ్చెను. మనుష్యులను గూర్చిన ప్రశ్న కాగితములలోనే నిలిచిపోయెను. కచేరీలలో పనిచేసినవారికి దీనిలోని విషాదమును విప్పిచెప్పనవసరము లేదు.

1857 జనవరిలో కలకత్తా చేరువనున్న దమ్‌దమ్‌లో, తూటాలకు ఆవు కొవ్వు, పంది కొవ్వు పూయుచున్నారను వార్త పుట్టెను. కొవ్వు ఏ జంతువుదో విచారించు ప్రత్యేకమైన కట్టుబాటేదియు చేయబడలేదని విచారణలో బయటపడెను. వెంటనే ప్రభుత్వము సిపాయిలు తమకు నచ్చిన మైనమును నూనెను తామే పూసికొనవచ్చుననెను. తరువాత పండ్లతో గాక చేతితో చింపవచ్చుననెను. అప్పటికి ఆలస్యమైపోయెను. కాగితపు మెరుపును చూచి, కొవ్వు కాగితములోనే కలదని అనుమానించిరి. ఫిబ్రవరి 26న బర్హంపూరులో ఒక పటాలము తూటాలను తీసికొన నిరాకరించెను. మార్చి 29న బారక్‌పూరులో మంగళపాండే తుపాకి ఎత్తెను. బర్హంపూరు పలాశీకి ఎగువన కలదు. బారక్‌పూరు ఇచ్ఛాపూరునకు ప్రక్కనే కలదు. మందుతో సంపాదింపబడిన రాజ్యము, మందు చేయబడుచున్న నదీతీరముననే కంపించుట మొదలిడెను. మీరట్‌లో ఏప్రిల్ 24న 85 మంది ఆశ్వికులు తూటాలు ముట్టకపోయిరి. ఆనాడు వారికిచ్చినవి కొత్త జిడ్డు తూటాలు కూడ కావు, పాతవే. నమ్మకము పోయిన తరువాత పాతదేమి, కొత్తదేమి?

తిరుగుబాటునకు తూటాయే కారణమని ఏ చరిత్రకారుడును అనడు. అయోధ్యను కలిపికొనుట, జీతభత్యముల విషయమైన అసంతృప్తి, జమీందారుల కష్టములు, మతమును గూర్చిన భయము, ఇవన్నియు గుట్టలుగ పేరుకొనియుండెను. తూటా వత్తివంటిది మాత్రమే. కాని వత్తి లేక మందు పేలదు గదా!

మే 11న మీరట్ సిపాయిలు ఢిల్లీ చేరిరి. కాశ్మీరు దర్వాజా చేరువనున్న ఆయుధాగారమును కాపాడుచుండిన విల్లోబీ అను అధికారియు, ఎనమండుగురు సహచరులును, ఇక నిలుపలేమని తోచినప్పుడు దానిని తామే పేల్చివేసిరి. ఆ ధ్వని నగరమంతట వినబడెను, వందలమంది మరణించిరి. పిదప వానకాలమంతయు తిలంగాలు నగరములోనే మందు తయారు చేసికొనవలసివచ్చెను. ఆగస్టు 7న ఆ మందు తయారగుచున్న ఇల్లు కూడ పేలిపోయెను. ఆయుధాగారపు ద్వారములు రెండు నేటికిని పాత తపాలాకచేరి యెదుట, రద్దీదారి నడుమ నిలచియున్నవి. దినదినము వేలమంది వాని ప్రక్కగ పోవుచుందురు. ఆగి చూచువారు తక్కువ.

ఆ పాత మందు కాలము తరువాత ఎక్కువ దినములు నిలువలేదు. 1884లో ఫ్రాన్సులో వియేయ్ అను శాస్త్రజ్ఞుడు పొగలేని మందును కనిపెట్టెను. మన నీలగిరులలోని అరువంకాడులో ఇరువదవ శతాబ్ది ఆరంభమున కార్డైట్ కర్మాగారము వెలసినది. ఈ కొత్త మందునకు చెమ్మకంటె వేడియు, వయస్సును ఎక్కువ శత్రువులు. చాలకాలము నిలువయున్నచో అది తనలో తాను క్షీణించి, తనంతట అంటుకొనవచ్చును. తూలాన్ రేవులో 1907లో 'యేనా', 1911లో 'లిబెర్తే' అను ఫ్రెంచి యుద్ధనౌకలు ఇట్లే, శత్రువు లేకయే పేలిపోయెను. ఆయుధము మారెను గాని నియమము మారలేదు. నిలువచేసిన వస్తువును ప్రతిదినము కనిపెట్టి చూచుకొనువాడు ఒకడుండవలెను.

గోలకొండలో నీరు పోసినవారి తెలివి, పలాశీలో తారుగుడ్డ కప్పినవారి ముందుచూపు, రెండును మెచ్చదగినవే. మందును కాపాడుటలో కంపెనీ కొలువును మించినవారు నాడు లేరు. పీపాలు తిప్పిరి, చెప్పులు విడిచిరి, తూటాకు జిడ్డు పూసిరి, ఆ జిడ్డును ఎండలో వానలో పరీక్షించిరి. తూటాను మోయు మనిషి మనస్సును పరీక్షింపుడని ఒక్కరు వ్రాసిన ఒక్క లేఖను మాత్రము అడుగున పడవేసిరి. సామగ్రిని భద్రపరచుట గొప్ప విద్యయే. కాని ఆ సామగ్రిని మోయు మనుష్యుని గౌరవమును భద్రపరచుట అంతకంటె గొప్ప విద్య. మొదటిది తెలియక సిరాజుద్దౌలా రాజ్యము పోగొట్టుకొనెను. రెండవది తెలియక కంపెనీ రాజ్యము పోగొట్టుకొనెను. 1858లో కంపెనీ పాలన రద్దయ్యెను. కాశ్మీరు దర్వాజా దారిన పోవునప్పుడు ఆ పాత ద్వారములవంక ఒక్క నిమిషము చూచినచో ఈ రెండు పాఠములును ఒక్కచోటనే కనబడును.